థర్మోస్టాట్ తీసేయొద్దు.. మార్చుకోండి!

* ఇంజను వేడెక్కడానికి చిన్న కవాటమే కారణం కావచ్చు
* ‘మన ఎండలకు అక్కర్లేదు’ అన్నది అపోహే
* పాత చిన్న కార్లలో ఇంటివద్దే మార్చుకునే వీలు

పిడుగురాళ్ల: వేసవి ముదిరిందంటే అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి పక్కన బానెట్ ఎత్తి నిలిపిన కార్లు కనిపించడం పరిపాటి. ఇంజను నుంచి ఆవిరి బుసలు కొడుతుంటుంది. ప్రయాణికులు చెట్టునీడ వెదుక్కుంటారు. సమీప షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ రెండు బోల్టులు విప్పి, గుప్పిట్లో ఇమిడే చిన్న పరికరాన్ని బయటికి తీసి పక్కన పడేస్తాడు. ‘ఇది చలి దేశాల వాళ్లకండీ, మన ఎండలకు అక్కర్లేదు’ అని భరోసా ఇస్తాడు. బండి కదులుతుంది. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. కానీ అసలు నష్టం అక్కడి నుంచే మొదలవుతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ చిన్న పరికరమే థర్మోస్టాట్. షెడ్లలో దీన్ని ‘థర్మోస్టాట్ వాల్వు’ అంటారు. సాధారణ చిన్న కార్లకు దీని ధర కొన్ని వందల రూపాయలే. ఇది పాడైనప్పుడు పట్టించుకోకపోయినా, పూర్తిగా తీసేసి తిప్పినా చివరికి భారం పడేది ఇంజనుపైనే. అప్పుడు ఖర్చు వేలల్లోకి చేరుతుంది. కాస్త ఓపిక, నాలుగు పనిముట్లు ఉంటే మారుతి 800 వంటి పాత చిన్న కార్లలో దీన్ని ఇంటివద్దే మార్చుకోవచ్చు.

ఏమిటీ థర్మోస్టాట్?

ఇంజనులో ఇంధనం మండగా పుట్టే వేడిలో కొంతభాగాన్ని కూలెంట్ ద్రవం గ్రహిస్తుంది. నీటిపంపు ఆ ద్రవాన్ని ఇంజను చుట్టూ తిప్పుతుంది. వేడెక్కిన ద్రవం రేడియేటరులోకి వెళ్లి, గాలి తగిలి చల్లబడి, తిరిగి ఇంజనుకు చేరుతుంది. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య ద్వారపాలకుడిలా ఉండేదే థర్మోస్టాట్.

దీని నడుమ ఉండే చిన్న లోహపు గొట్టంలో ప్రత్యేకమైన మైనం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్ప్రింగు బలంతో కవాటం మూసుకుని ఉంటుంది. కూలెంట్ నిర్ణీత వేడికి చేరగానే మైనం కరిగి వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి కవాటం తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం తిరిగి గట్టిపడుతుంది, స్ప్రింగు కవాటాన్ని మూసేస్తుంది. కరెంటుతో పని లేదు, వైర్లు లేవు. అమెరికాలో 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఈ మైనపు విధానమే నేటికీ కోట్లాది వాహనాల్లో కొనసాగుతోంది.

చాలా కార్లలో ఈ కవాటం 82 లేదా 88 డిగ్రీల సెల్సియస్ వద్ద తెరుచుకోవడం మొదలవుతుంది. ఆ అంకె థర్మోస్టాట్‌పైనే ముద్రించి ఉంటుంది.

తీసేస్తే ఏమవుతుంది?

రెంటచింతలలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మనిషికి అది నిప్పుల కొలిమి. ఇంజనుకు మాత్రం అది చలే. ఎందుకంటే ఇంజను సక్రమంగా పనిచేయడానికి కావాల్సిన వేడి సుమారు 90 డిగ్రీలు. అంటే రోహిణికార్తె ఎండలోనూ ఇంజను తనంతట తాను మరో 45 డిగ్రీలు వేడెక్కాల్సిందే. థర్మోస్టాట్ లేకుంటే చల్లని కూలెంట్ తొలి నిమిషం నుంచే రేడియేటరుకు తిరుగుతుంది. ఇంజను వేడెక్కడం ఆలస్యమవుతుంది. రాత్రి ప్రయాణాల్లో, చలికాలంలో అసలు తగిన వేడికే చేరకపోవచ్చు.

చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత సిలిండరు గోడలపై చేరి అక్కడి నూనె పొరను కడిగేస్తుంది. అరుగుదల పెరుగుతుంది. ఇంజన్ ఆయిల్‌లో తేమ చేరి జిగురులాంటి మడ్డి పేరుకుంటుంది. కంప్యూటరుతో నడిచే ఇంజన్లలో ఉష్ణోగ్రత తక్కువగా ఉందన్న సంకేతం అందినంత సేపూ ఇంధనం ఎక్కువగా విడుదలవుతుంది. మైలేజీ పడిపోతుంది. కొన్ని కార్లలో ఇంజను హెచ్చరిక దీపం వెలిగేదీ ఇందుకే.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్‌కు అడుగున రెండో బిళ్ల ఉంటుంది. రేడియేటరుకు దారి తెరిచేటప్పుడు అది పక్కదారిని మూసేస్తుంది. అలాంటి కార్లలో థర్మోస్టాట్ తీసేస్తే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత రేడియేటరు ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగి వెళ్తుంది. వేడి తగ్గుతుందని తీసేస్తే, మండుటెండలో నిండు లోడుతో వెళ్లేటప్పుడు ఇంజను మునుపటికన్నా ఎక్కువ వేడెక్కే ప్రమాదముంది.

దారి మధ్యలో కవాటం బిగుసుకుపోతే పట్టణం చేరేవరకు తాత్కాలికంగా తీసి నడపాల్సి రావచ్చు. అది ఆపద్ధర్మం మాత్రమే. అదే శాశ్వత పరిష్కారమనుకోవడమే పొరపాటు.

లక్షణాలివీ..

థర్మోస్టాట్ రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, మూసుకుని ఉండిపోవడం. మైనం బయటికి కారిపోతే స్ప్రింగు కవాటాన్ని మూసే ఉంచుతుంది. ఇంజను వేడిని చూపే ముల్లు బయలుదేరిన కొద్ది నిమిషాలకే పైకి ఎగబాకుతుంది. ఇంజను బాగా వేడెక్కినా, రేడియేటరుకు వెళ్లే పై గొట్టం మాత్రం అంతగా వేడెక్కదు. ఇది అత్యంత ప్రమాదకరం. పెక్కు కార్లలో సిలిండరు హెడ్డు అల్యూమినియంతో చేసినదే. అతిగా వేడెక్కితే వంగిపోతుంది. దాని కింది గ్యాస్కెట్ దెబ్బతింటుంది. సైలెన్సరు నుంచి ఆగకుండా తెల్లని పొగ వచ్చినా, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారినా పరిస్థితి అంతవరకు వచ్చిందని అనుమానించాలి.

రెండోది, తెరుచుకుని ఉండిపోవడం. తుప్పు, మురికి అడ్డుపడితే కవాటం మూసుకోదు. ముల్లు పైకి రావడానికి చాలాసేపు పడుతుంది. రహదారిపై వేగంగా వెళ్లేటప్పుడు కిందికి పడిపోతుంది. హీటరు వేస్తే గోరువెచ్చని గాలే వస్తుంది. ఇంజను ఆగిపోదు కాబట్టి యజమానులు దీన్ని నెలల తరబడి గుర్తించరు.

అయితే వేడెక్కిన ప్రతిసారీ తప్పు థర్మోస్టాట్‌దే అనుకోకూడదు. విప్పేముందు కూలెంట్ మట్టం సరిగా ఉందో లేదో, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, బండి కదిలితే చల్లబడుతుంటే రేడియేటరు ఫ్యానును అనుమానించాలి. రేడియేటరు పూడుకుపోయినా, మూత బిగువు తగ్గినా, నీటిపంపు దెబ్బతిన్నా లక్షణాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

బోరునీళ్లతోనే చేటు

థర్మోస్టాట్ త్వరగా పాడవడానికి మన అలవాటు కూడా ఒక కారణం. కూలెంట్ తగ్గితే చేతికందిన బోరునీళ్లు పోసేస్తుంటారు. సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్ల ప్రాంతంలో నేలంతా సున్నపురాయే. ఇలాంటి చోట్ల బోరునీటిలో సున్నం శాతం ఎక్కువ. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్లే ఇంజను లోపలా, రేడియేటరు సన్నగొట్టాల్లోనూ గార కడుతుంది. అది కవాటం అంచుల్లో చేరితే కదలిక నిలిచిపోతుంది. పైగా వట్టి నీటిలో తుప్పును ఆపే రసాయనాలు ఉండవు. అందుకే తయారీదారు సూచించిన కూలెంట్‌ను బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. సాధారణంగా రెండూ సమపాళ్లలో కలుపుతారు. నేరుగా పోసేందుకు సిద్ధంగా కలిపినవీ దొరుకుతాయి. వాటికి మళ్లీ నీళ్లు కలపకూడదు.

కావాల్సిన సామగ్రి

కారు మోడలుకు సరిపోయే, అదే డిగ్రీల అంకె ఉన్న కొత్త థర్మోస్టాట్, దానికి తగిన కొత్త ప్యాకింగు లేదా రబ్బరు రింగు, స్పానర్లు, శ్రావణం, స్క్రూడ్రైవరు, కూలెంట్ పట్టడానికి వెడల్పాటి పాత బేసిన్, గరాటు, పాత గుడ్డలు, చేతి తొడుగులు, కొత్త కూలెంట్. వీటితో పాటు కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం దగ్గర ఉంచుకోవాలి.

‘ఎండలు ఎక్కువ కదా’ అని తక్కువ డిగ్రీల థర్మోస్టాట్ వేయడం సరికాదు. రేడియేటరులో లోపముంటే దాన్ని ఇది సరిచేయలేదు. లోపాన్ని కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది, అంతే.

బిగించేముందు పరీక్ష

కొత్తదైనా సరే బిగించేముందు పరీక్షించడం మేలు. వంటకు వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీయాలి. పక్కనే వేడినీటిని కొలిచే ఉష్ణమాపకం ఉంచి పొయ్యి వెలిగించాలి. జ్వరం చూసేది ఇందుకు పనికిరాదు. ముద్రించిన అంకెకు కాస్త అటూఇటూగా కవాటం కదలడం మొదలై, నీళ్లు తెర్లే సమయానికి బాగా తెరుచుకోవాలి. చల్లబడ్డాక పూర్తిగా మూసుకోవాలి. పాతదాన్ని విప్పాక అదే నీటిలో వేస్తే అసలు తప్పు దానిదేనా అన్నదీ తేలిపోతుంది. పాతదానికి కూలెంట్ అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి తేవద్దు.

మార్చే విధానం

1. ఉదయం పూట, ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం తీసేయాలి. కొన్ని కార్లలో తాళం తీసినా ఫ్యాను తిరగవచ్చు. అందుకే బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి ఉంచడం మంచిది.

2. పై గొట్టాన్ని చేత్తో తాకి, వేడి ఏమాత్రం లేదని నిర్ధారించుకున్నాకే రేడియేటరు మూతను గుడ్డతో పట్టి నెమ్మదిగా తిప్పాలి.

3. రేడియేటరు అడుగున బేసిన్ పెట్టి, అక్కడి బిరడాను వదులుచేయాలి. మొత్తం ఖాళీ చేయాల్సిన పనిలేదు. కూలెంట్ మట్టం థర్మోస్టాట్ ఉండే చోటుకన్నా కిందికి దిగితే చాలు. రంగు మారినా, తుప్పు కనిపించినా మొత్తం తీసేసి కొత్తది పోయాలి.

4. రేడియేటరు పైనుంచి ఇంజనువైపు వెళ్లే లావుపాటి గొట్టం వెంట చూపు సారిస్తే, అది చేరేచోట చిన్న లోహపు మూత కనిపిస్తుంది. మారుతి 800 వంటి కార్లలో థర్మోస్టాట్ దాని కిందే ఉంటుంది. కొన్ని కార్లలో కింది గొట్టం వైపు ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూసి నిర్ధారించుకోవాలి.

5. గొట్టం క్లిప్పును వెనక్కి జరిపి, గొట్టాన్ని అటూఇటూ తిప్పుతూ లాగాలి. స్క్రూడ్రైవరుతో పెకలించకూడదు. గొట్టం బిరుసెక్కినా, పగుళ్లు కనిపించినా అదీ మార్చేయాలి.

6. మూత బోల్టులను ఒక్కోటీ కొద్దికొద్దిగా వదులుచేయాలి. తుప్పుపట్టి కదలకుంటే బలప్రయోగం వద్దు. తుప్పు వదిలించే నూనె పిచికారీ చేసి కాసేపు ఆగాలి. బోల్టు లోపల విరిగిపోతే చిన్నపని కాస్తా లేత్ పనివరకు వెళ్తుంది.

7. మూత తీయగానే పాత థర్మోస్టాట్ ఎటు తిరిగి ఉందో ఫోనులో ఫొటో తీసుకోవాలి. సాధారణంగా స్ప్రింగు, మైనపు గొట్టం ఉన్న భాగం ఇంజను లోపలివైపు ఉంటుంది. తలకిందులుగా బిగిస్తే మైనానికి వేడి సరిగా తగలదు. కవాటం సకాలంలో తెరుచుకోదు. ఇంటివద్ద మార్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

8. రంధ్రంలో గుడ్డ కుక్కి, అతుక్కున్న పాత ప్యాకింగును చెక్క లేదా ప్లాస్టిక్ ముక్కతో గీకి తీయాలి. కత్తి వాడితే మెత్తని అల్యూమినియంపై గాట్లు పడి కారడం మొదలవుతుంది. పని అయ్యాక గుడ్డ తీయడం మరవద్దు.

9. కొత్త థర్మోస్టాట్‌ను గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాలి. అంచున చిన్న గాలిరంధ్రం ఉంటే, మాన్యువల్ వేరుగా చెప్పనంతవరకు, అది పైవైపు రావాలి. లోపల చిక్కిన గాలి దాని గుండానే బయటికి పోతుంది. ఆపై కొత్త ప్యాకింగు లేదా రింగు, మూత వరుసగా అమర్చాలి.

10. బోల్టులను ముందు చేత్తో తిప్పి, తర్వాత స్పానరుతో మార్చిమార్చి సమంగా బిగించాలి. ఇవి చిన్న బోల్టులు. మితిమీరి బిగిస్తే మూత పగులుతుంది లేదా మర అరిగిపోతుంది. గొట్టం తొడిగి, క్లిప్పును పాతచోటికే జరపాలి. అడుగున బిరడా బిగించాలి.

గాలి తీయడమే కీలకం

కొత్త థర్మోస్టాట్ వేశాకా బండి వేడెక్కుతోందన్న ఫిర్యాదులకు తరచూ కారణం లోపల మిగిలిన గాలే. కూలెంట్‌ను గరాటుతో నెమ్మదిగా పోయాలి. గాలి తీసే మరమేకు ఉంటే దాన్ని వదులుచేసి, బుడగలు ఆగి ధారగా వచ్చాక బిగించాలి. తర్వాత బ్యాటరీ తీగ కలిపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, ఆరుబయటే ఇంజను స్టార్ట్ చేయాలి. మూసిన గదిలో ఇంజను నడిపితే విషవాయువు ప్రాణం తీస్తుంది.

పాత చిన్న కార్లలో ఈ దశలో రేడియేటరు మూత తీసే ఉంచుతారు. బుడగలు పైకి వస్తూ మట్టం తగ్గుతుంటే కొంచెం కొంచెంగా కూలెంట్ కలపాలి. ముఖం మూతికి దగ్గరగా పెట్టొద్దు. చున్నీ, కండువా, చేతులు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి. పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కిందంటే కవాటం తెరుచుకున్నట్లే. కూలెంట్ పొంగుతూ పైకి వచ్చేలోగా మూత బిగించేయాలి. ముల్లు మధ్యలో నిలకడగా ఉండి, ఫ్యాను తిరిగి ఆగుతుంటే పని సక్రమంగా జరిగినట్లు. పక్కనున్న రిజర్వు సీసాలో గీత వరకు కూలెంట్ పోయాలి. మరునాడు ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు మట్టం మరోసారి చూసి, తగ్గితే నింపాలి.

ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు

వేడి ఇంజనుపై రేడియేటరు మూత తీయడం మృత్యువుతో చెలగాటమే. మూత బిగించి ఉన్నప్పుడు లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. వాతావరణ పీడనానికి అదనంగా అంతే ఒత్తిడి తోడైతే వట్టి నీరు కూడా 120 డిగ్రీల వరకు మరగదు. ఆ క్షణంలో మూత తీస్తే ఒత్తిడి తగ్గి, ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖంపైకి ఎగజిమ్ముతుంది. ఒళ్లు బొబ్బలెక్కుతుంది, కళ్లు పోయే ప్రమాదముంది.

దారిలో ముల్లు ఎర్రగీతకు చేరువైతే ఏసీ ఆపాలి. హీటరును పూర్తిగా తిప్పితే ఇంజను వేడి కొంత బయటికి పోతుంది. వెంటనే బండిని పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. కనీసం అరగంటకు పైగా, గొట్టం చల్లారేవరకు వేచి ఉండాలి. మరుగుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదముంది.

తీసిన పాత కూలెంట్‌ను కాలువలో గానీ వీధిలో గానీ పారబోయకూడదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలు నోట పెట్టుకున్నా, కుక్కలు, పశువులు తాగినా మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. నేలపై ఒలికితే వెంటనే తుడిచి నీళ్లతో కడగాలి. పాతదాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందనిచోట ఉంచి, వాడేసిన ద్రవాలను సేకరించే సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. మంచినీళ్ల సీసాల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయవద్దు.

ఎప్పుడు షెడ్డుకు?

అన్ని కార్లలోనూ ఈ పని ఇంట్లో సాధ్యం కాదు. నేటి కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ ప్లాస్టిక్ మూతతో కలిసే వస్తుంది. కొన్నింటిని కంప్యూటరు నియంత్రిస్తుంది. ఇంకొన్నింటిలో దాన్ని చేరాలంటే ఇతర భాగాలు విప్పాలి. అలాంటివి, వారంటీ ఉన్నవి సర్వీసు కేంద్రానికే తీసుకెళ్లాలి. తెల్లపొగ వస్తున్నా, ఆయిల్ రంగు మారినా, థర్మోస్టాట్ మార్చాక కూడా ముల్లు పైకే వెళ్తున్నా బండిని నడపకుండా మెకానిక్‌ను పిలిపించాలి.

షెడ్డులో పని చేయించేవారు సైతం ఒక్కమాట గుర్తుంచుకోవాలి. బోల్టులు బిగించేముందు ‘లోపల కొత్త థర్మోస్టాట్ వేశారా?’ అని అడగాలి. వీలైతే దగ్గరుండి చూసుకోవాలి. పాత కారు కొనేటప్పుడూ ఈ ప్రశ్న వేయడం మంచిది. తెల్లవారుజామున స్టార్ట్ చేసి పది కిలోమీటర్లు తిప్పినా ముల్లు మధ్యకు రాకుంటే, ఆ కారులో థర్మోస్టాట్ పాడైందో, ఎవరో ఎప్పుడో తీసి పారేశారో ఆరా తీయాల్సిందే.